ఉద్యోగం మానకుండానే ఉద్యోగం మార్చుకోవచ్చు!

అమెరికాలో ఒక పెద్దాసుపత్రి. కోమాలో ఉన్న ఓ కుర్రాడి గదిని క్లీనర్ అప్పుడే తుడిచి వెళ్లాడు. కొన్ని నెలలుగా కొడుకు మంచం పక్కనే కూర్చుంటున్న తండ్రి ఆ టైమ్‌లో సిగరెట్ కాల్చుకోవడానికి బయటికెళ్లాడు. తిరిగొచ్చి, గది శుభ్రం చేయలేదంటూ క్లీనర్ మీద అరిచాడు. క్లీనర్‌కీ మొదట కోపమే వచ్చింది, తిరిగి గట్టిగా సమాధానం చెప్పబోయాడు. కానీ ఆగాడు. ‘సారీ సర్’ అని చెప్పి, ఆ తండ్రి చూస్తుండగా గదంతా మళ్లీ మొదట్నుంచీ తుడిచాడు.

సైకాలజిస్టు బ్యారీ ష్వార్ట్జ్ తన ప్రసంగాల్లో తరచూ చెప్పే సంఘటన ఇది. ఆయన దీనితోపాటు ఇంకో మాట కూడా చెబుతారు. ఆ క్లీనర్ డ్యూటీ లిస్టు తీసి చూస్తే నేల తుడవడం, బాత్‌రూమ్ కడగడం, చెత్త తీసేయడం... ఇలా చాంతాడంత ఉంటుంది. అందులో ‘ఇంకో మనిషి’ అన్న మాట ఒక్కచోట కూడా కనిపించదట! కొడుకు కోసం ఏమీ చేయలేక కుమిలిపోతున్న తండ్రికి కాస్త ఊరట ఇవ్వమని ఆ లిస్టులో ఎవరూ రాయలేదు. ఆ పనిని అతనే తన ఉద్యోగంలో కలుపుకున్నాడు.

అదే చీపురు, అదే జీతం

ఏమీ రెజ్‌నెస్కీ, జేన్ డట్టన్ అనే ఇద్దరు పరిశోధకులు తమ బృందంతో కలిసి ఇలాంటి ఆసుపత్రి క్లీనర్లనే కూర్చోబెట్టి మాట్లాడించారు. మొత్తం 28 మంది. అందరిదీ ఒకే పని. అయినా వాళ్ల మాటలు వింటే ఇద్దరు వేర్వేరు ఉద్యోగులతో మాట్లాడినట్టే అనిపించిందట. ఒక రకం వాళ్లు ‘తుడుస్తాం, కడుగుతాం, ఇందులో పెద్ద నైపుణ్యం ఏముంది?’ అన్నారు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు, చెప్పిన పని చేసి వెళ్లిపోతారు.

రెండో రకం వాళ్లు వేరు. ఏ పేషెంట్‌ని చూడ్డానికి ఎవరూ రావడం లేదో వీళ్లకు తెలుసు. దిగులుగా కనిపిస్తే కాసేపు కబుర్లు చెబుతారు. దారి తెలియక తిరుగుతున్న బంధువుల్ని వార్డు దాకా తీసుకెళ్తారు. నర్సుల పనికి అడ్డం రాకుండా తమ పని సర్దుకుంటారు. వాళ్లలో ఒకామె కోమాలో ఉన్న రోగుల గదుల్లో గోడల మీది బొమ్మల్ని అప్పుడప్పుడూ అటూ ఇటూ మార్చేదట. ఆ చిన్న మార్పు వల్లైనా వాళ్లలో ఏదో కదలిక వస్తుందేమోనని! ‘ఇది మీ డ్యూటీనా?’ అని అడిగితే కాదంది. కానీ మానలేదు. వీళ్ల లెక్కలో వాళ్లు చేసేది తుడిచే పని కాదు, రోగం నయం చేసే పనిలో తమదీ ఓ చెయ్యి.

పైనుంచి ఎవరూ చెప్పకుండానే ఉద్యోగి తన పనిని తనకు తగ్గట్టు లోపల్నుంచి మలచుకోవడాన్ని ఈ ఇద్దరూ 2001లో ఒక పరిశోధన వ్యాసంలో వివరించారు. పేరు ‘జాబ్ క్రాఫ్టింగ్’. మన కంసాలి పాత బంగారాన్నే కరిగించి కొత్త నగ చేస్తాడు చూడండి, దాదాపు అలాంటిదే.

అమెరికా ఆసుపత్రి సంగతి మాధాపూర్ కుర్రాళ్లకెందుకు అంటారా? ఆదివారం సాయంత్రం ఏ పీజీ హాస్టల్ మేడ మీదైనా వినిపించే మాట ఒకటే... ‘ఏంట్రా ఈ లైఫ్, మళ్లీ రేపు ఆఫీసు’. దానికి మనకు తెలిసిన మందులు రెండే. పళ్లు బిగించి భరించడం, లేదంటే పేపర్లు పెట్టేయడం. ప్యాకేజీ పెంచుకుని కంపెనీ మారతాం. మూణ్నెల్లు బాగానే ఉంటుంది. తర్వాత అదే ఆదివారం, అదే మేడ. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటుందని ఆ క్లీనర్లు చూపించారు.

డిజిగ్నేషన్‌లో లేదు కిటుకు

రెజ్‌నెస్కీ అంతకుముందే, 1997లో, మరో ముగ్గురితో కలిసి చేసిన అధ్యయనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పనిని మనుషులు మూడు రకాలుగా చూస్తారని అందులో తేలింది. కొందరికి అది జీతం వచ్చే మార్గం, అంతే. కొందరికి పైకెక్కే నిచ్చెన. కొందరికేమో ‘ఇది నా పని’ అనిపించే పని. సర్వే చేసిన ఉద్యోగులు దాదాపు మూడు సమాన భాగాలుగా విడిపోయారు. అసలు ఆశ్చర్యం ఏంటంటే, వాళ్లలో ఆఫీస్ అసిస్టెంట్లను మాత్రమే విడిగా తీసి చూసినా అదే లెక్క! చదువు, జీతం, హోదా దాదాపు ఒక్కటే అయినా వాళ్లూ మూడు ముక్కలయ్యారు. అంటే విజిటింగ్ కార్డు మీద రాసినదాన్ని బట్టి పని మీద ఇష్టం వస్తుందని ఏమీ లేదు.

ఇక్కడో మాట. పనిని జీతం కోసమే చేసేవాళ్లు తక్కువేం కాదు. ‘కోటి విద్యలు కూటి కొరకే’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. తమ్ముడి ఫీజు, నాన్న అప్పు, చెల్లి పెళ్లి... ఇవన్నీ ఒకే జీతం మీద నడుస్తున్న ఇంట్లో ఆ ఉద్యోగానికి అర్థం లేదని ఎవరంటారు? అలాంటివాళ్ల దగ్గరికెళ్లి ‘నీ ప్యాషన్ వెతుక్కో’ అని రీల్స్‌లో చెప్పేవాళ్లను చూస్తే నాకైతే ఒళ్లు మండుతుంది.

పైగా ఆ సలహాలోనే తేడా ఉంది. ప్యాషన్ అనేది ఎక్కడో రెడీగా ఉంటుంది, వెళ్లి తెచ్చుకోవడమే ఆలస్యం అనుకునేవాళ్లు ఆ పనిలో కాస్త కష్టం ఎదురవగానే ఆసక్తి పోగొట్టుకుంటున్నారని 2018లో పాల్ ఓకీఫ్, క్యారల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్‌ల పరిశోధన చెప్పింది. ఇష్టం దొరికేది కాదు, పెంచుకునేది అనుకున్నవాళ్లు ఆ కష్టాన్ని కొంచెం మెరుగ్గా తట్టుకున్నారు.

అవతల ఉన్నది ఎవరు?

మరి ఇష్టం పెరిగేదెలా? ఆడమ్ గ్రాంట్ బృందం అమెరికాలోని ఒక యూనివర్సిటీ కాల్ సెంటర్‌లో చేసిన ప్రయోగం చూడండి. పూర్వ విద్యార్థులకు ఫోన్ చేసి విరాళాలు అడగడం అక్కడి పని. రోజంతా ‘వద్దు’, ‘ఇప్పుడు కుదరదు’, టక్కున ఫోన్ పెట్టేయడం. మన దగ్గర లోన్ల కోసం, క్రెడిట్ కార్డుల కోసం కాల్స్ చేసే పిల్లలకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థిని తీసుకొచ్చి కొందరు కాలర్లతో కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం 142 శాతం, తెచ్చిన విరాళాలు 171 శాతం పెరిగాయి. మరో గుంపుకు అలాంటి విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రమే చదవడానికిచ్చారు. వాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేం లేదు. 2007లో అచ్చయిన ఈ అధ్యయనంలో నాకు నచ్చింది ఆ శాతాల కన్నా ఈ ఉత్తరం సంగతే. కాగితం మీద ‘మీ పని గొప్పది’ అని రాసిస్తే చాలదు, మనిషి కనబడాలి.

మనలో చాలామందికి కనబడనిది సరిగ్గా ఆ మనిషే. ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్న అమ్మాయికి రాత్రి రెండింటికి ఒక టికెట్ వస్తుంది. సివియారిటీ, గడువు, క్లోజ్ బటన్. అంతే కనిపిస్తుంది. అవతల ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ ముందు సిస్టమ్ నడవక నిలబడిపోయిన లైను కనిపించదు. డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్‌కి రక్తం ట్యూబు మీద బార్‌కోడే కనిపిస్తుంది, దాని రిపోర్టు కోసం మెట్ల మీద కూర్చున్న కుటుంబం కనిపించదు. అదే ఆంధ్రాలో గ్రామ సచివాలయం ఉద్యోగి సంగతి చూడండి. సర్వర్ పనిచేయక, సర్వేల మీద సర్వేలు చేయలేక ఎంత విసుగెత్తినా, ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వెళ్తే గుమ్మంలోనే ఎదురుచూసే అవ్వ కనిపిస్తుంది. ఆ ఉద్యోగంలో బాధలు లేవని కాదు. కానీ తన పని ఎవరికి చేరుతోందో అతను వేరే అడిగి తెలుసుకోనక్కర్లేదు.

కనబడనివాళ్లు అడిగి తెలుసుకోవచ్చు. మీరు టెస్ట్ చేసే యాప్ ఎవరు వాడుతున్నారు? ఒక్కసారి క్లయింట్ కాల్‌లో వెనకాల కూర్చుని వింటానని అడగండి. చాలామంది మేనేజర్లు కాదనరు, ఎందుకంటే దీనికి బడ్జెట్ అక్కర్లేదు!

జాబ్ క్రాఫ్టింగ్‌లో మిగతా సంగతులూ ఇలా చిన్నవే. ఎక్సెల్ అంటే ఇష్టమున్నవాడు టీమ్ రిపోర్టుల పని తాను తీసుకుని, తనకు తలనొప్పి తెప్పించే పనిని అదంటే ఇష్టమున్న కొలీగ్‌తో మార్చుకోవచ్చు. కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి వారానికో అరగంట కేటాయించవచ్చు. మన పని మనకంటే తెలియనివాడికి చెబుతున్నప్పుడే, ‘అరె, నాకు ఇంత వచ్చా?’ అనిపిస్తుంది. ఎవరితో మాట్లాడితే ప్రాణం లేచొస్తుందో, ఎవరితో మాట్లాడితే నీరసం వస్తుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. లంచ్ టేబుల్ మార్చడం కూడా క్రాఫ్టింగే.

స్వెట్‌షర్ట్ మీద ఎవరి పేరు?

కంపెనీలు చేయాల్సింది మాత్రం లేదా? ఉంది. మన దేశంలోనే, విప్రో బీపీఓలో కొత్తగా చేరినవాళ్లతో ఒక ప్రయోగం జరిగింది. కేబుల్, జీనో, స్టాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు చేసింది, 2013లో అచ్చయింది. మామూలు ట్రైనింగ్‌కి తోడు మొదటి రోజు ఒక గంట అదనం. ఒక గుంపుకు ఆ గంటలో కంపెనీ ఎంత గొప్పదో చెప్పి, కంపెనీ పేరున్న స్వెట్‌షర్ట్ ఇచ్చారు. ఇంకో గుంపుకు ‘నీలో ప్రత్యేకత ఏంటి? దాన్ని ఈ పనిలో ఎలా వాడతావు?’ అని ఆలోచించుకునే టైమ్ ఇచ్చి, ఎవరి పేరు వాళ్లకున్న స్వెట్‌షర్ట్ ఇచ్చారు. కొన్ని నెలలకు లెక్క తీస్తే, తమ పేరున్న స్వెట్‌షర్ట్ తొడుక్కున్న గుంపులోనే ఉద్యోగం మానేసినవాళ్లు తక్కువ. వాళ్లతో మాట్లాడిన కస్టమర్ల తృప్తి కూడా మెరుగ్గా ఉంది. ఒక్క గంటతో!

మన వెల్‌కమ్ కిట్‌లో బ్యాగు, బాటిల్, డైరీ అన్నిటి మీదా లోగోనే. ఆ పక్కన కొంచెం చోటు మన పేరుకూ ఉంటే బాగుండు.

‘మనదంతా ఒకే ఫ్యామిలీ’

ఇంతవరకూ చదివి, మా మేనేజర్ కూడా ఇదే చెబుతాడండీ అంటారేమో. ‘పర్పస్ చూడు, శాలరీ చూడకు’ అని. అక్కడే జాగ్రత్త పడాలి.

జంతుప్రదర్శనశాలల్లో జంతువుల్ని చూసుకునే ఉద్యోగుల మీద బండర్సన్, థాంప్సన్ 2009లో ప్రచురించిన పరిశోధన ఉంది. చాలామందివి డిగ్రీ చదువులు, అయినా జీతం చాలా తక్కువ. పని మీద ప్రేమ మాత్రం కొండంత. ఆ ప్రేమ వాళ్లకు అర్థాన్నిచ్చింది, నిజమే. కానీ ఎవరికి ఎక్కువ ప్రేమ ఉందో వాళ్లే జీతం, సొంత సమయం, సుఖం ఎక్కువ వదులుకోవడానికి సిద్ధపడ్డారు. యాజమాన్యం తమ ఇష్టాన్ని వాడుకుంటుందేమోనన్న అనుమానమూ వాళ్లకే ఎక్కువ. మన ప్రైవేటు స్కూలు టీచర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, స్టార్టప్ పిల్లలు... వీళ్లలో ఎవర్ని అడిగినా ఈ కథ తమదే అంటారు. ‘సేవ’ అన్న మాట వినబడిన చోట ఓవర్‌టైమ్ గురించి అడగడం తప్పన్నట్టు చూస్తారు.

ఒంటికి ఇవేవీ తెలియవు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. ఇష్టంతో చేసేవాళ్లకు మినహాయింపు ఉంటుందని అందులో ఎక్కడా లేదు. బర్నవుట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వివరించినప్పుడు కూడా దాన్ని పనిచేసే చోట అదుపు చేయని దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల వచ్చేదిగానే చెప్పింది. ఒంట్లో శక్తంతా అయిపోయినట్టుండటం, పని అంటేనే విరక్తి, ఏం చేసినా ఉపయోగం లేదనిపించడం... ఈ మూడూ దాని గుర్తులు. ఆ స్థితిలో ఉన్నవాడికి ధ్యానం యాప్ సబ్‌స్క్రిప్షన్ ఇచ్చి సరిపెట్టడం న్యాయం కాదు. పని గంటలు తగ్గాలి, మనిషిని పెంచాలి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. పని బోరు కొడుతోంది, ఎవరికి ఉపయోగమో తెలియడం లేదు, ఎదగడం లేదు అనిపిస్తే, రాజీనామాకు ముందు రెండు మూడు నెలలు పనిని లోపల్నుంచి మార్చి చూడొచ్చు. కానీ జీతం టైమ్‌కి రావడం లేదు, నలుగురిలో తిడుతున్నారు, సెలవు అడిగితే నేరస్తుడిలా చూస్తున్నారు, నిద్ర పట్టడం లేదు అంటే అక్కడ మలచుకోవడానికేం లేదు. నోటీస్ పీరియడ్ ఎంతో చూసుకుని, చేతిలో కొన్ని నెలల ఖర్చులకు డబ్బు ఉంచుకుని వెతుక్కోవడమే. నిద్ర పట్టని రోజులు వారాలైతే ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవాలి.

కొత్త చోట ఇంటర్వ్యూ చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటారు కదా. ప్యాకేజీ, వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగాక మరో రెండు అడగండి. ‘నేను చేసే పని చివరికి ఎవరు వాడతారు? వాళ్లతో నేను మాట్లాడే వీలుంటుందా?’ వాళ్లు తడబడకుండా చెబుతున్నారో లేదో గమనించండి. తర్వాత, రాత్రి ఎనిమిదింటికి ఆ ఆఫీస్ పార్కింగ్‌లో ఇంకా ఎన్ని బండ్లున్నాయో కూడా ఓసారి చూసి రండి.