సింధియా: కంపెనీ పోయినా పేరు మిగిలింది

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. అక్కడ సిటీ బస్సుల మీద ‘సింధియా’ అని కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు, గ్వాలియర్ మహారాజుకి ఇక్కడేం పని అనుకుంటారు. సంబంధం ఉంది.

1919లో వాల్‌చంద్ హీరాచంద్, ఆయన భాగస్వాములు గ్వాలియర్ సింధియాల దగ్గర ‘లాయల్టీ’ అనే ఓడ కొన్నారు. ఆ పేరుతోనే ఓడల కంపెనీ పెట్టారు. సముద్ర వ్యాపారమంతా ఇంగ్లిష్ కంపెనీల చేతిలో ఉన్న రోజులవి. ఓడలు మనమే కట్టాలని 1941 జూన్ 21న విశాఖలో రాజేంద్రప్రసాద్ గారి చేత యార్డుకు శంకుస్థాపన చేయించారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు ఊరి మీద బాంబులేశాయి. అయినా 1948 మార్చి 14న ఇక్కడ కట్టిన ‘జల ఉష’ను నెహ్రూ నీళ్లలోకి దించారు.

ఓడ కట్టాలంటే ఏళ్ల తరబడి డబ్బు ఇరుక్కుపోతుంది. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకుంది, 1961లో మిగతాదీ తీసుకుంది. అదే హిందుస్థాన్ షిప్‌యార్డ్. 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లింది.

యార్డును నమ్ముకుని మల్కాపురం, గాంధీగ్రామ్ లాంటి బస్తీలున్నాయి. ఆర్డర్ ఉంటే వెల్డర్‌కి, ఫిట్టర్‌కే కాదు, టీ కొట్టుకీ గిరాకీ. అందుకే 2023 ఆగస్టులో నేవీ కోసం ఐదు ఓడలకు కుదిరిన సుమారు 19 వేల కోట్ల ఒప్పందం ఆ ఇళ్లకు పెద్ద కబురు.

అక్కడ తయారైన ఓడ సముద్రంలోకి వెళ్లే దారిలో మూడు కొండలు కనిపిస్తాయి: ఒకదాని మీద ఇస్‌హాఖ్ మదనీ దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, ఇంకోదాని మీద చర్చి. విశాఖ వెళ్తే ఒకసారి చూసి రండి.