పేర్లు పడుతున్నాయి... పదండి!

సినిమా మొదట్లో వచ్చే పేర్లను ఎవరు చదువుతారులే అనుకుంటాం. కానీ కథ గుట్టు సగం ఆ రెండు నిమిషాల్లోనే విప్పేసిన ఘనులున్నారు. మనం సీటు వెతుక్కునే హడావుడిలో గమనించమంతే!

ఆదివారం సాయంత్రం. ఇంటిల్లిపాదీ సినిమాకి బయల్దేరారు. పిల్లాడి చెప్పు కనిపించక పది నిమిషాలు. తాళం సరిగ్గా వేశామో లేదోనని వెనక్కొచ్చి చూసుకోవడానికి ఇంకో అయిదు నిమిషాలు. తీరా హాలు దగ్గరికి చేరేసరికి బయట పురుగన్నది లేదు. గేటు దగ్గరున్న మనిషిని నాన్న ఆదుర్దాగా అడుగుతాడు.

'మొదలైపోయిందా?'

'ఇప్పుడే సార్... పేర్లు పడుతున్నాయి.'

హమ్మయ్య! అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. పేర్లేగా, కొంపలేం మునిగిపోలేదు. టార్చిలైటు వెలుగులో ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకుంటూ సీట్లలో పడతారు.

మా అమ్మమ్మ అయితే పేర్లు పడుతున్నంతసేపూ తెరకేసి చూసేదే కాదు. మరచెంబు మూత తీసి మంచినీళ్లు తాగడం, జంతికల పొట్లం విప్పి పిల్లలందరికీ పంచడం... అన్నీ అప్పుడే. కథ మొదలయ్యేలోపు పనులు చక్కబెట్టుకోవడానికి సినిమావాళ్లు దయతలచి ఇచ్చిన వ్యవధి అది, ఆవిడ లెక్కలో.

ఆవిడొక్కర్తినీ అని లాభం లేదు. ఒకప్పుడు అమెరికాలోనూ ఇదే వరస. వాళ్లకది పాప్‌కార్న్ కొనుక్కునే వేళ. ఎంత చులకనంటే, చాలా హాళ్లలో పేర్లు పడేటప్పుడు తెర ముందున్న కర్టెన్ కూడా తీసేవాళ్లు కాదు. పేర్లన్నీ ఆ కుచ్చుల గుడ్డ మీదే వంకరటింకరగా పడేవి. అవి కాస్తా అయిపోయాక ఆపరేటర్ తీరిగ్గా కర్టెన్ లాగేవాడు. (ఈ విషయంలో మన హాళ్లే నయం. ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట వస్తుండగా రంగుబల్బుల వెలుగులో కర్టెన్ మెల్లగా పైకి లేచేది. పేర్లు ఆ తర్వాతే!)

అలాంటి రోజుల్లో, 1955లో, ఒక కొత్త సినిమా రీళ్ల డబ్బాలు హాళ్లకు చేరాయి. వాటి మీద ఓ చీటీ అంటించి ఉంది. ప్రొజెక్టర్ నడిపేవాళ్లు పేర్లు పడకముందే కర్టెన్ తెరవాలన్నది అందులోని హెచ్చరిక. ఆ సినిమా 'ది మేన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్'. దర్శకుడు ఆటో ప్రెమింజర్. అంత పట్టుబట్టి చూపించాల్సిన పేర్లను తయారుచేసినవాడు సాల్ బాస్.

గీతలు... ఓ వంకర చెయ్యి

బాస్ సినిమా మనిషి కాదు. 1920లో న్యూయార్క్‌లో పుట్టాడు. ప్రకటనలకూ పోస్టర్లకూ బొమ్మలు వేసుకునే కమర్షియల్ ఆర్టిస్టు. 1954లో ప్రెమింజర్ తీసిన 'కార్మెన్ జోన్స్'కి మంట మధ్యలో గులాబీ ఉన్న బొమ్మ గీసిచ్చాడు. దాన్ని పోస్టరు మీదే ఎందుకు వదిలేయాలి, తెర మీద కదిలిస్తే ఎలా ఉంటుంది? ఇద్దరి మాటల్లో పుట్టిన ఆ ఆలోచనే బాస్‌ని సినిమాల్లోకి లాక్కొచ్చింది.

'గోల్డెన్ ఆర్మ్' టైటిల్స్‌లో మనుషులుండరు. నల్లటి తెర మీదకి కాగితం కత్తిరించినట్టుండే ఓ తెల్లటి గీత దిగుతుంది. ఎల్మర్ బెర్న్‌స్టీన్ జాజ్ సంగీతానికి తగ్గట్టు మరో గీత, ఇంకో గీత. అవి కలవబోయి విడిపోతుంటాయి, అడ్డంపడి ఆగిపోతుంటాయి. చివరికి అన్నీ చేరి ఓ చెయ్యి అవుతాయి. మామూలు చెయ్యి కాదు. మెలితిరిగి, వేళ్లు బిగుసుకుపోయిన చెయ్యి.

కథేంటంటే హీరో (ఫ్రాంక్ సినాత్రా) హెరాయిన్‌కి బానిస. పేకాటలో ముక్కలు పంచేదీ, డ్రమ్ము వాయించాలని తపించేదీ, సూది గుచ్చుకునేదీ... అన్నీ ఆ చెయ్యే. మత్తుమందుల గురించి తీయడమే నేరమన్నట్టుండే కాలమది. సెన్సార్ పెద్దలు ఆ సినిమాకి ఆమోదముద్ర వేయలేదు. ముద్ర లేకుండానే విడుదల చేశారు. అంత గొడవ ఉన్న కథని బాస్ ఒక్క సూది కూడా చూపించకుండా, నాలుగు గీతలతో ముందే చెప్పేశాడు. సినిమా మొదలయ్యేసరికే ప్రేక్షకుడికి ఒళ్లు కాస్త బిగుసుకుని ఉండాలి. బాస్‌కి కావలసింది అదే.

కంటిలోంచి సుడిగుండం

ఇంట్లో డీవీడీయో, ఫోనో ఉంటే 'వెర్టిగో' మొదటి మూడు నిమిషాలు ఓసారి చూడండి. హిచ్‌కాక్ 1958లో తీసిన సినిమా.

ఓ స్త్రీ ముఖం. అదీ మొత్తంగా కాదు, ముక్కలుముక్కలుగా. ముందు పెదాలు. తర్వాత కళ్లు. అవి బెదురుగా అటూ ఇటూ కదులుతాయి. కెమెరా ఒక కంటి దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళుతుంది. ఒక్కసారిగా తెరంతా ఎర్రబడుతుంది. కన్ను పెద్దదవుతుంది. సినిమా పేరు ఆ కనుపాప లోపల్నుంచి పుట్టుకొచ్చి మన మీదకి వస్తుంది. దాని వెనకాలే సుడులు. ఊదా రంగుది ఒకటి, ఆకుపచ్చది ఒకటి... తిరుగుతూ, విచ్చుకుంటూ, ఒకదాన్ని ఒకటి మింగుతూ. బెర్నార్డ్ హెర్మన్ సంగీతం కూడా ముందుకు పోదు. గానుగెద్దులా ఒక్కచోటే గుండ్రంగా తిరుగుతుంది. చూస్తున్నవాళ్లకి నిజంగానే తల తిరుగుతుంది. చివర్లో మళ్లీ అదే కన్ను. అందులోంచి హిచ్‌కాక్ పేరు.

ఇప్పుడు కథలోకి వెళదాం. హీరో ఓ మాజీ పోలీసు. ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. తన భార్యని రహస్యంగా వెంబడించమని ఓ పాత మిత్రుడు అడుగుతాడు. ఆమె వెనకాలే తిరుగుతూ హీరో ఓ మ్యూజియంకి వెళతాడు. అక్కడామె ఓ పాతకాలపు చిత్రపటం ముందు కూర్చుని ఉంటుంది. ఆమె కొప్పు సుడి తిరిగి ఉంటుంది. చిత్రంలోని స్త్రీ కొప్పూ అచ్చం అలాగే! తర్వాత గంటస్తంభం లోపలి మెట్లు, మెలికలు తిరుగుతూ. ఇంకోచోట నరికిన మహావృక్షం దుంగ మీద గుండ్రటి వలయాలు. పేర్లు చూసినవాడికి ఆ కొప్పు కనబడగానే లోపలేదో కలుక్కుమంటుంది. జంతికలు పంచుకుంటూ కూర్చున్నవాడికి అది ఉత్త కొప్పు.

ఇంకో చమత్కారం. పేర్లలో కనిపించే ఆ ముఖం హీరోయిన్ కిమ్ నొవాక్‌ది కాదు. ఒక స్త్రీని మరో స్త్రీగా పొరబడటం చుట్టూ తిరిగే సినిమాకి ఇంతకంటే తగిన ముఖపత్రం ఉంటుందా!

ఆ సుడులు గీయడానికి బాస్‌కి సాయపడింది జాన్ విట్నీ అనే ప్రయోగశీలి. ఆయన వాడిన పరికరం ఏంటో తెలుసా? రెండో ప్రపంచయుద్ధంలో శత్రువిమానాల మీద ఫిరంగులు గురిపెట్టడానికి లెక్కలు కట్టిన యంత్రం! యుద్ధం అయ్యాక పాతసామాను కింద అమ్మేస్తే, దాంతో బొమ్మలు గీయించారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ మాట జనానికి తెలియని రోజుల్లో.

రెండేళ్లకే 'సైకో'. ఈసారి అడ్డంగా, నిలువుగా బూడిదరంగు గీతలు దూసుకొస్తాయి. ఒక్కో పేరూ నడిమికి చీలి పక్కకి జరిగిపోతుంది. అందులో హంతకుడి మనసు ఎలాంటిదో సినిమా చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ సినిమాకి ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి పంపొద్దని హిచ్‌కాక్ షరతు పెట్టాడు. మొదటి సగంలోనే హీరోయిన్ చనిపోతుంది మరి. లేటుగా వచ్చినవాళ్లు ఆమె కోసం చివరిదాకా ఎదురుచూస్తారని ఆయన బాధ. ఏదైతేనేం, ఆ పుణ్యాన జనమంతా బుద్ధిగా కూర్చుని పేర్లు కూడా చూశారు.

ఓ సూది, ఓ రుమాలు

గీతలూ గ్రాఫిక్సే అక్కర్లేదని నిరూపించినవాడు మన సత్యజిత్ రాయ్. ఆయనా బాస్ లాగే ప్రకటనల కంపెనీలో ఆర్టిస్టుగా మొదలైనవాడే. 'చారులత' (1964)లో పేర్లు పడుతున్నంతసేపూ మనకి కనిపించేది ఒక స్త్రీ చేతులు. రుమాలు మీద 'బి' అనే అక్షరం కుడుతుంటాయి. గుచ్చడం, లాగడం, మళ్లీ గుచ్చడం. తొందరేమీ లేదు. ఆ ఇల్లాలికి చేతినిండా ఉన్నది సమయం ఒక్కటే.

'బి' అంటే భూపతి. ఆమె భర్త. సొంతంగా పత్రిక నడుపుతుంటాడు. ఆ ధ్యాసలో భార్య పక్కనుంచి నడిచి వెళ్లినా తలెత్తి చూడడు. ఆమె ఒంటరితనమే ఆ సినిమా. రాయ్ దాన్ని ఒక్క మాట లేకుండా, సూదీదారంతో ముందే చెప్పేశాడు. (పత్రికల్లో పనిచేసేవాళ్లం కదా, ఈ సినిమా చూసినప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది. ఇంటికెళ్లాలనిపిస్తుంది.)

1995లో వచ్చిన 'సెవెన్' టైటిల్స్‌లోనూ చేతులే కనిపిస్తాయి. కానీ అవి పిల్లలు పడుకున్నాక చూడాల్సిన చేతులు. వేలిముద్రలు దొరక్కుండా బ్లేడుతో చర్మం చెక్కుకోవడం, నోట్‌బుక్కుల్లో సన్నటి అక్షరాలు నింపడం, ఫొటోలు కత్తిరించడం. పేర్లు కూడా ఎవడో వణికే చేత్తో గీకినట్టుంటాయి. కైల్ కూపర్ చేసిన పనితనమిది. కథలో హంతకుడు చాలాసేపటి దాకా కనపడడు. కానీ వాడి పని మనం ముందే చూసేశాం. పైగా ఆ పాత్ర వేసిన నటుడి పేరు మొదట్లో ఎక్కడా ఉండదు. తన పేరు వేస్తే ఎవరు హంతకుడో తెలిసిపోతుందని ఆయనే వద్దన్నాడు. సినిమా అయ్యాక మాత్రం అందరికంటే ముందు ఆయన పేరే పడుతుంది. ఎవరాయన? చెప్పం. చూడనివాళ్లు మమ్మల్ని తిట్టుకుంటారు!

అన్నీ భయపెట్టేవే అనుకోకండి. 'పింక్ పాంథర్' పిల్లలందరికీ తెలిసిన కార్టూను. నిజానికది 1963లో వచ్చిన సినిమాలో ఓ వజ్రం పేరు. టైటిల్స్‌లో సరదాగా ఓ గులాబీరంగు చిరుతపులిని గీశారు. అది ఎంత నచ్చిందంటే, దానితోనే కార్టూన్లు తీశారు. అందులో మొదటిది ఆస్కార్ కూడా కొట్టేసింది.

ఎవరి పేరు ముందు?

మన దగ్గర పేర్లంటే చాలాకాలం కథతో సంబంధం లేని వ్యవహారమే. దేవుడి పటం, బ్యానరు, వరసగా పేర్లు. అసలు గొడవల్లా ఎవరి పేరు ముందు పడాలన్నదే. 'గుండమ్మ కథ' (1962)లో ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి... అంతా ఉద్దండులే. ఏ పేరు ముందు వేసినా రెండోవారి అభిమానులు ఊరుకోరు. విజయావారు సింపుల్‌గా తేల్చేశారు. పేర్లు మానేసి తారల ఫొటోలు చూపించారు! ఆ ముఖాలకు పేర్లెందుకు?

తర్వాత్తర్వాత హీరో పేరు పడటమే ఓ పండగైంది. 1992లో రజనీకాంత్ 'అణ్ణామలై'తో మొదలైన 'సూపర్‌స్టార్' అక్షరాల సందడి తెలిసిందే. ఈలల్లో తర్వాతి పేర్లు ఎవరికీ కనిపించవు. అది కథకు సూచన కాదు, జాతరకు డప్పు.

కథ కోసం మొదలును వాడుకున్న తెలుగు సినిమా అంటే నాకు చప్పున గుర్తొచ్చేది రాజమౌళి 'ఈగ' (2012). మొదట్లో మనుషులు కనిపించరు. గొంతులే. ఓ చిన్నపిల్ల నిద్రపట్టక నాన్నని కథ చెప్పమంటుంది. ఆయన బద్ధకిస్తూనే ఓ ఈగ కథ ఎత్తుకుంటాడు. అంతే! చనిపోయినవాడు ఈగై పుట్టి పగ తీర్చుకోవడమేంటని లాజిక్కులు అడగడానికి మనకిక నోరు రాదు. అడిగితే నిద్రపోయే పిల్లతో పోట్లాడినట్టే. దర్శకుడు హాలులోని పెద్దవాళ్లందర్నీ ఒక్క నిమిషంలో పక్కమీద పడుకోబెట్టి దుప్పటి కప్పేశాడు.

ఈ రోజుల్లో పేర్లు చివరికి వెళ్లిపోతున్నాయి. హాల్లో లైట్లు వెలిగాక, జనం లేచాక పడతాయి. దీని మీద హాలీవుడ్‌లో పెద్ద తగవే జరిగింది. 'స్టార్‌వార్స్' రెండో సినిమా (1980)లో దర్శకుడు ఇర్విన్ కెర్ష్‌నర్ పేరు మొదట్లో వేయలేదని దర్శకుల సంఘం జార్జ్ లూకాస్‌కి జరిమానా వేసింది. దర్శకుడికి అభ్యంతరం లేకపోయినా సరే! లూకాస్ డబ్బు కట్టి, సంఘానికి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. కథలోకి నేరుగా దూకాలన్నది ఆయన పట్టుదల. పనిచేసినవాడి పేరు జనం సీట్లలో ఉన్నప్పుడే పడాలన్నది సంఘం వాదన. ఇద్దరి మాటా కొట్టేయలేం.

ఇప్పుడా తగవు మన చేతిలోకే వచ్చింది. 2017లో నెట్‌ఫ్లిక్స్ సీరియళ్లకు 'స్కిప్ ఇంట్రో' మీట పెట్టింది. 2022లో ఆ సంస్థే చెప్పిన లెక్క ప్రకారం దాన్ని రోజుకు 13.6 కోట్లసార్లు నొక్కుతున్నారు. మా అమ్మమ్మ ఉంటే సంతోషించేదో, మరచెంబు మూత తీయడానికి టైమేదని విసుక్కునేదో!

బాస్‌కీ ఇలాంటి రోజులు వచ్చాయి. ఆయన తరహా టైటిల్స్‌కి గిరాకీ తగ్గాక కంపెనీల లోగోలు గీస్తూ గడిపాడు. అప్పటి బెల్ టెలిఫోన్ గంట బొమ్మ ఆయనదే. చిన్నప్పుడు ఆయన పేర్లు చూసి పెరిగిన మార్టిన్ స్కోర్సెసీ పిలిచి 'గుడ్‌ఫెల్లాస్' (1990) చేయించాడు. 'కేసినో' (1995) దాకా స్కోర్సెసీకి నాలుగు సినిమాలు చేశారు, భార్య ఎలైన్‌తో కలిసి. ఎన్నో ఏళ్లు పక్కన కూర్చుని పనిచేసిన ఆమె పేరు కూడా ఆ సినిమాల్లో భర్త పేరు పక్కనే పడింది. 1996లో బాస్ కన్నుమూశాడు.

ఆయన చేసినవాటిలో ఇంటిల్లిపాదీ చూడగలిగేది ఒకటుంది. 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959). ఆకుపచ్చ తెర మీద గీతలు అల్లుకుని ఓ ఆకాశహర్మ్యం అద్దాల గోడ అవుతాయి. పేర్లు లిఫ్టుల్లా పైకీ కిందికీ తిరుగుతాయి. అద్దాల్లో కింద రోడ్డు మీది కార్ల నీడలు. ఆపైన ఉరుకులు పరుగుల జనం. ఆఖర్న దర్శకుడి పేరు పడగానే ఓ లావుపాటి మనిషి సిటీబస్సు కోసం పరిగెత్తుకొస్తాడు. సరిగ్గా ఆయన చేరేసరికి తలుపు మొహమ్మీదే మూసుకుంటుంది. ఆయనే హిచ్‌కాక్.