పచ్చజొన్న: పశువునకు మేతయా, విషమా?

తొలకరికి జొన్న చల్లినపిమ్మట వాన మొగము చాటుచేసి, పైరు మోకాలెత్తున వాడి నిలిచి, మరల నొక జల్లు పడినంతనే చేలు పచ్చనగుట మెట్టసీమ రైతులెరిగిన సంగతియే. వేసవియంతయు ఎండుచొప్పతో ప్రాణము నిలుపుకొన్న పశువు ఆ పచ్చదనము చూచి ఆగదు. దానిని ఆపుటకు రైతునకును మనసొప్పదు. పాడియావులును కాడియెద్దులును పొలముగట్టుననే కూలుట ఇట్టి దినములలోనే.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు అంతర్వేదిలో, ఇడపనూరు వంటి గ్రామముల కీ మాట మిక్కిలి అవసరమైనది. ఈ సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిమ్మట మైసూరు రాష్ట్రమున జేరినది. గీత ఎచ్చట గీచినను దాని కిరువైపుల పశువు తిను మేత మారలేదు. గింజ మనుష్యునకు, చొప్ప పశువునకు. యాసంగి జొన్నలలో మాల్దండి రకమును రైతులింతకాలము విడువక పట్టియుండుటకు గింజ రుచితోబాటు చొప్పయు కారణమే.

అట్టి జొన్నయే లేతదనమున విషమగును. దీనిని మన రైతులు ‘నాము’ అందురు. కోసిన మోళ్లనుండి వెడలు పిలకలయందును, నీరులేక గిడసబారిన పైరునందును నాము హెచ్చు. పల్లెవారికి ఏనాడో తెలిసిన ఈ సంగతికి కారణమును 1902లో డన్‌స్టన్, హెన్రీ యను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞులు కనుగొనిరి. లేతజొన్నలో ‘ధురిన్’ అను పదార్థము కలదు. ఆకు నలిగి పశువు కడుపులోని మొదటి అరను చేరినతోడనే అది విడివడి హైడ్రోసయనికామ్లము పుట్టును. అప్పుడు రక్తములో ప్రాణవాయువు ఉండియు శరీరము దానిని గ్రహింపజాలదు. పశువు రొప్పును, నురుగు కార్చును, వణకి పడిపోవును. మేసిన కొలది నిమిషములకే ఇది జరుగవచ్చును. రక్తము మిక్కిలి ఎర్రగా నుండును. పాముకాటో, దిష్టియో యని తలచి తడవు చేసినచో పశువు దక్కదు. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను పశువైద్యుడు నరములోని కెక్కించినచో బ్రతుకు నాశ కలదు.

పచ్చిమేతలో పదిలక్షల పాళ్లకు 200 పాళ్లు మించి ఈ ఆమ్లమున్నచో అపాయమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రైతు చేత త్రాసు లేదు గదా. అతనికి పైరు వయసే కొలత. చేను సగము పూత పట్టువరకు పచ్చిమేతగా కోయరాదు, పశువును విడువరాదు. బెట్టకు వాడిన చేనికి నీరు దొరకినచో తడిపి, పైరు తేరుకొని ఎదిగిన పిమ్మటనే కోయవలెను. ఆకలిగొన్న పశువును నేరుగా పచ్చజొన్నకు తోలుట అన్నిటికంటె చెడ్డది. ముందు ఎండుమేత కొంత వేయవలెను. కోసి చక్కగా ఎండబెట్టినచో విషము చాలవరకు పోవును. బాగుగా పండి ఎండిన చొప్పకు ఈ భయము లేదు.

అయితే ఎండినంత మాత్రమున తొలగని విషము వేరొకటి కలదు. యూరియా మెండుగా వేసి, వాన తప్పిన చేలలో జొన్నకాడ అడుగుభాగమున నైట్రేటు పేరుకొనును. ఎండబెట్టినను అది పోదు. దీనిచే పడిన పశువు రక్తము గోధుమరంగునకు తిరుగును. దీనికి మెథిలీన్ బ్లూ మందు. నామునకు వాడు నైట్రైటును దీనికి ఎక్కించినచో హాని మరింత హెచ్చును. కావున రక్తపు రంగు గమనించి వైద్యునకు చెప్పుట రైతు చేయదగిన గొప్ప సాయము.

1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు పారినపిమ్మట సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా రైతులనేకులు వచ్చి క్యాంపులు కట్టుకొని వరి పండించిరి. వారితోబాటు వరిగడ్డియు వచ్చినది. వరిగడ్డి కడుపు నింపును గాని ఒడలు పెంచదు. అందలి మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. తడిసి బూజుపట్టినదైనచో రోగమునకు మూలము. జొన్నచొప్ప అమ్ముకొని వరిగడ్డి కొనుట మాకు లాభమని తోచదు.

గుర్రపు సంగతి వేరు. దానికి నెమరు లేదు, తిన్నది కక్కలేదు. నామువలన ఆవువలె హఠాత్తుగా కూలుట దానికి తక్కువయే. కాని పచ్చజొన్నలో దినములకొలది మేసిన గుర్రములకు మూత్రము బొట్లుబొట్లుగా కారి, వెనుకకాళ్లు పట్టుదప్పుట 1960 దశకమున అమెరికాలో కనిపించినది. 1520లో రాయచూరు కోటకై కృష్ణదేవరాయలు పోరిననాడు సముద్రము దాటి వచ్చిన గుర్రములు ఈ నేలపై నడచినవి. అంతకు రెండు వందల యేండ్లకు పైగా ముందే మార్కోపోలో, దక్షిణదేశమున గుర్రములకు ఉడికిన అన్నము, మాంసము పెట్టుచుండిరని వ్రాసి విస్తుపోయెను. గుర్రమునకు తగినది శుభ్రమైన ఎండుగడ్డి, మితముగా ఉలవగుగ్గిళ్లు. గింజ హెచ్చినచో కడుపునొప్పి, గిట్టల వాపు తప్పవు. ఆముదపు గింజ దాణాలో పడకుండ చూడవలెను. కొలది గింజలే ప్రాణము తీయగలవు.

వేరుసెనగ చెక్క బూజుపట్టినచో ఎంత చౌకైనను కొనరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోళ్లు ఇట్టి చెక్క తినియే చచ్చినవి. పత్తిగింజలు పెద్దపశువులకు చెల్లును, లేగలకు చెల్లవు. బీళ్లను ఆక్రమించిన వయ్యారిభామను పశువు మేసినచో పాలు చేదెక్కును.

మా కోరిక యొకటి. వాన తప్పిన యేట, పైన చెప్పిన రెండు మందులును, నామును పసిగట్టు పిక్రేటు కాగితములును జిల్లా కేంద్రమున గాక గ్రామములకు దగ్గరనున్న పశువైద్యశాలలలో జూన్ నెలకే చేర్చియుంచవలెను. పసుపుపచ్చని ఆ కాగితము నలిపిన ఆకుపైన వ్రేలాడినప్పుడు ఇటుకరంగునకు తిరిగినచో ఆ చేనికి పశువును తోలరాదని చదువురాని కాపరికిని తెలియును. దీనికగు వ్యయము ఒక్క కాడియెద్దు వెలకు సమానము కాదు.