ఫిడేలు అమ్మిన కథ

మీకు మిక్కిలి యిష్టమైన కథ యేదని తెలుగు పాఠకుని అడిగిచూడుడు. అతడు మొదట కథపేరు చెప్పడు. రచయిత పేరును చెప్పడు. “అదేనండీ, పెళ్లాం ఫిడేలు అమ్మేసిన కథ” అనును. లేదా “అప్పు కింద కొడుకుని చంపేసుకున్న కథ” అనును. పాత్రల పేరులు మరచి, ఏ పత్రికలో ఏ యేట చదివెనో అదియు మరచి, ఆ యొక్క ఘట్టమును మాత్రము తన యింట జరిగినదానివలె ఏండ్ల తరబడి మనస్సున నిలుపుకొనునట్టి యీ అభిమానమునకు కారణమేమి? శైలియనియు, శిల్పమనియు, సందేశమనియు విమర్శకులు చెప్పు సమాధానములు కొంతవరకు ఒప్పుకొనదగినవే. కాని అన్నింటికంటె ముఖ్యమని నాకు తోచునది వేరొకటి. మనకు ప్రియమైన కథలో రచయిత తీర్పు చెప్పడు. ఆ భారమును పాఠకునిపై నుంచి తాను తప్పుకొనును.

ఆ ఫిడేలు కథ చాగంటి సోమయాజులుగారి ‘వాయులీనం’. చాసో అన్న పొట్టి పేరుతో ప్రసిద్ధులైన ఆయన (1915–1994) విజయనగరములో నివసించి, పేరునకు తగినట్లే చిన్న చిన్న కథలు వ్రాసిన మహాశిల్పి. ఇందులో రాజ్యమను ఇల్లాలికి సంగీతమన్న ప్రాణము. ఆమెకు పెద్ద జబ్బు చేయును. భర్త చేత డబ్బులేదు. ఆమె ఫిడేలునే అమ్మి వైద్యము చేయించి, ఆమె కోలుకొనిన పిదప మిగిలిన సొమ్ముతో ఒక చీర కొని తెచ్చును. కథ యింతే. భర్త దుష్టుడైనచో పాఠకుని పని యెంత సులువయ్యెడిది! అతడు దుష్టుడు కాడు, భార్యను ప్రేమించినవాడు, ఆమె ప్రాణము నిలిపినవాడు. ఆ చీరయు ప్రేమతో తెచ్చినదే. అయినను ఆ చీరను చూడగనే మన గుండెలో ఏదో కలుక్కుమనును. ప్రాణము దక్కినది సరే, ఆ ప్రాణమునకు ప్రాణమైనది పోయినదే యని ఒక మనస్సు వాపోవును. మనిషి బ్రతుకకున్న ఫిడేలు ఎవరికని మరియొక మనస్సు గద్దించును. ఈ కథను భార్యాభర్తలిద్దరును చదివిన యింట ఆ రాత్రి వాదము జరుగకుండుట అరుదు.

ఈ మర్మము మన కథకు పసితనమునుండియు తెలియును. భండారు అచ్చమాంబగారు 1902లోనే ‘ధనత్రయోదశి’ వ్రాసియుండగా, 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడిన గురజాడవారి ‘దిద్దుబాటు’ ఉపోద్ఘాతమేమియు లేక, అర్ధరాత్రి మూసిన తలుపు ముందర పిలుపుతోనే ఆరంభమగును. భోగముమేళముల మరగిన గోపాలరావును భార్య కమలిని తిట్టదు, ఏడువదు. ఒక ఉత్తరము వ్రాసిపెట్టి దాగుకొనును. భర్త కంగారును చూచి మనము నవ్వుకొనుచుండగనే దిద్దుబాటు జరిగిపోవును.

పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’కు న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి వచ్చినది. నియమనిష్ఠలతో జీవితమును క్రమపరచుకొనిన రావుగారు, తుపాను రాత్రి రైలుస్టేషనులో ప్రాణభయముతో ఒక బిచ్చగత్తె సాన్నిధ్యమును ఆశ్రయించును. తెల్లవారిన పిమ్మట ఆమె శవమును, ఆమె యొద్దనే తన పర్సును చూచినప్పుడు ఆయన సూత్రములు ఏవియు అక్కరకు రావు, మనవియు రావు.

అన్ని మంచి కథలును ఇట్టివే యనను. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘వడ్లగింజలు’లో ఎవరి పక్షము వహింపవలెనో మొదటినుండియు తెలిసినదే. చదరంగపు పందెములో శంకరప్ప మొదటి గడికొక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున వడ్లు కోరును. అరువదినాలుగు గళ్లకును కూడిన మొత్తము 20 అంకెల సంఖ్య! అచ్చట మనము మురిసిపోవునది ఆ పలుకుబడికి, ఆ గోదావరి సీమ నుడికారమునకు.

కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ మాత్రము తీర్పుకొరకే పుట్టిన కథ. ‘యువ’లో వెలువడిన యీ పెద్దకథ బహుభాగము ఒక పంచాయితీ. అప్పు తీరవలెనన్న వాదము న్యాయముగనే వినబడును. అప్పుపడిన అప్పల్రాముడి మొరయు న్యాయముగనే వినబడును. రెంటికిని తలయూపుచు పోయిన పాఠకుని యెదుట, తన బిడ్డకు ఆ బానిసబ్రతుకు సంక్రమింపరాదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు కన్నకొడుకునే చంపివేయును. ఆ ముగింపు తగునా తగదా యని ఏండ్ల తరబడి విమర్శకులు వాదించిరి. నేను తగుననియే చెప్పుదును. అంతటి ఘోరము లేనిచో ఆ పంచాయితీ మర్యాదలో మనమును కలిసిపోయి యుందుము.

ఆ రామారావు మాస్టారే 1997లో శ్రీకాకుళమున ‘కథానిలయం’ స్థాపించి, తెలుగు కథ అచ్చయిన పుస్తకములను, పాత పత్రికలను సేకరించుటకు తన శేషజీవితమును వినియోగించిరి. పుస్తకముగా ఎన్నడును రాక, ఒక వారపత్రిక పుటలలోనే మిగిలిపోయిన మంచి కథలు నేటికిని అనేకము కలవు. మీ యింటి అటకమీద తాతలనాటి పత్రికల కట్టలున్నచో వానిని తూకమునకు వేయకుడు. ఒకసారి విప్పి చదివి, అట్టి గ్రంథాలయమునకు పంపుడు.