‘నాకు రాదు’ అనే పిల్లలు

పిల్లవాణ్ణి ప్రైవేటుకు తీసుకువచ్చే తండ్రి నోట మొదట వచ్చే మాట ఒకటే: “సారూ, వీనికి లెక్కలు రావు. జర గట్టిగ చెప్పుండ్రి.” అంతసేపూ ఆ పిల్లవాడు పక్కనే తల వంచుకుని నిలబడి ఉంటాడు. రాదని నలుగురి ముందూ చాటింపు వేశాక ఏ విద్య మాత్రం వస్తుంది చెప్పండి?

కరీంనగరంలో ముప్పై ఏళ్లకు పైగా ప్రైవేట్లు చెప్పాను. నన్ను ఈ దారి పట్టించింది మా నాన్నగారి చదువు. ఆయన చిన్ననాటి హైదరాబాదు సంస్థానంలో సర్కారు బడుల పై తరగతులు ఉర్దూలో నడిచేవి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. లెక్క తెలిసినా జవాబు చెప్పడానికి మాట దొరికేది కాదట. ‘మొద్దు’ అనిపించుకుని చదువు మానేశారు. ఆ మొద్దే తరువాత ఒక దుకాణంలో గుమాస్తాగా చేరి, బారెడు పద్దులు నోటితో కూడేవారు!

అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు కూడా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. తెలుగు ఆచార్యులై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందారు. గట్టెక్కినవారిని లోకం తలచుకుంటుంది. మునిగినవారి పేర్లు ఎవరు రాసిపెట్టారు?

గోదావరి అవతల అప్పటి ఆదిలాబాదు జిల్లాలో ఈ సంగతి ముందే గ్రహించినవారు ఉన్నారు. 1940లో కుమురం భీము జోడేఘాట్‌లో పోలీసు కాల్పులకు బలి అయిన తరువాత, హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు గోండుల స్థితిగతులు పరిశీలించారు. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీ మాటలను దేవనాగరి లిపిలో అచ్చువేసి వాచకాలు తయారుచేశారు. పిల్లవాడు ముందు తన ఇంటి మాటలో చదవాలి, తక్కిన భాషలు ఆ తరువాత అన్నది వారి పద్ధతి.

నా పద్ధతీ దానికి దగ్గరిదే. మొదటి వారం కొత్త పాఠం చెప్పను. వచ్చినదేమిటో వెతుకుతాను. భిన్నాలంటే వణికే ఒక కుర్రవాడి తల్లి కూరగాయలు అమ్మేది. “పావు కిలో బెండకాయలు పది రూపాయలైతే కిలోన్నర ఎంతరా?” అన్నాను. “అరవై” అన్నాడు, రెప్ప వేయకుండా. ఒకటిన్నరలో పావులు ఆరని పలక మీద గీసి చూపి, “నువ్విప్పుడు చేసినవి భిన్నాలే” అన్నాను. వాడు పలకకేసి చాలాసేపు చూశాడు. ఉత్త ‘శభాష్’లను పిల్లలు నమ్మరు. తామే చేసిన లెక్కను నమ్ముతారు.

ఉట్నూరు వైపునుంచి ఒక గోండు అమ్మాయి వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉండేది. పదో తరగతి తప్పితే పెళ్లి చేసేస్తామని ఇంట్లో ఖాయం చేసుకున్నారు. కాగితం మీద లెక్క సరిగానే చేసేది, నోరు మాత్రం విప్పేది కాదు. “ముందు మీ భాషలో చెప్పమ్మా” అన్నాను. “మీకు రాదు గద సార్!” అంది. “రాదు. నువ్వు నేర్పు” అన్నాను. ‘రండ్, మూండ్, నాలుంగ్’ అని వేళ్లు మడిచి చూపింది. మన రెండు, మూడు, నాలుగులకు తోబుట్టువులే! నేను తప్పు పలికితే పకపకా నవ్వి దిద్దింది. ఆ నవ్వుతో బెరుకు సగం పోయింది. ప్రతి లెక్కా ముందు గోండీలో, వెనువెంటనే తెలుగులో చెప్పడం అలవాటు చేశాను. తప్పు వచ్చినచోట కొట్టివేయకుండా “ఎట్ల చేసినవో చెప్పు” అనేవాణ్ణి. చెబుతూ చెబుతూ తప్పును తానే పట్టుకునేది. నెల తిరిగేసరికి ఆరో తరగతి పిల్లలకు ఎక్కాలు అప్పగించుకునే పని ఆమెకే ఇచ్చాను.

ఆ ఏడు ఆమె పది గట్టెక్కింది. పెళ్లి మాట వెనక్కు పోయింది.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలను మార్కులు అడగకండి. ఇవాళ నేర్చుకున్నదేదో మీకు నేర్పమనండి. మీకు తెలిసినదే అయినా, తెలియనట్టే వినండి.