పూజ సామానులో ఉడుము

"ఉడుము పట్టు" అన్న మాట మనందరికీ తెలుసు కానీ, ఉడుమును దగ్గరగా చూసినవాళ్ళు తక్కువే. మన ఊళ్ళలో పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండేది బెంగాల్ ఉడుము. బల్లికి చుట్టమే, కాకపోతే తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది. పాములా చీలిన నాలుకను ఆడిస్తూ, గాలిలోని వాసనలను నోటి పైభాగంలోని జాకబ్‌సన్ అవయవానికి చేరవేస్తుంది. పురుగులు, ఎండ్రకాయలు, ఎలుకలు, గుడ్లు ఏది దొరికితే అది తింటుంది. దాని నడుముకు తాడు కట్టి దొంగలు గోడలెక్కేవారనే కథ వినడానికి బాగుంటుంది, అంతే!

అమెరికాలో ఉన్న మనకు దాంతో పనేమిటంటారా? ఆన్‌లైన్‌లో "హత్థా జోడీ" అని అమ్ముతుంటారు, చూశారా? రెండు చేతులు జోడించినట్టుంటుంది. అరుదైన చెట్టు వేరనీ, సిందూరంలో పెట్టి పూజిస్తే ఇంట్లో డబ్బు నిలుస్తుందనీ చెబుతారు. 2017లో ఈ వ్యాపారం గుట్టు వార్తలకెక్కింది. అది వేరు కాదు, మగ ఉడుమును చంపి ఎండబెట్టిన జననేంద్రియం! పాములకు, బల్లులకు ఆ అవయవం జంటగా ఉంటుంది. అందుకే చేతుల జతలా కనిపిస్తుంది. గుడ్డు కూడా వండని ఇళ్ళలో దాన్ని దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నారంటే ఏమనాలి? కొన్నయితే అచ్చు పోసిన ప్లాస్టిక్‌వట. నన్నడిగితే అదే నయం.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో బెంగాల్ ఉడుము ఉంది. అమెరికా అంతరించిపోతున్న జాతుల జాబితాలోనూ ఉంది. కాబట్టి అనుమతి లేకుండా పార్సిల్‌లో తెప్పించుకోవడం నేరమే. "వేరు అనుకున్నాను" అన్నా ఆ వస్తువును ఇక్కడి అధికారులు వెనక్కివ్వరు.

పిల్లలకు కంజీర నేర్పించే అమ్మలకు ఇంకో మాట. కంజీరకు సంప్రదాయంగా బిగించేది ఉడుము చర్మమే. ఇప్పుడు మేక చర్మంతో, సింథటిక్‌తో చేసినవీ దొరుకుతున్నాయి. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు కొంటే, ఏ చర్మమో అడిగి, బిల్లు మీద రాయించుకుని మరీ సూట్‌కేసులో పెట్టండి.