టెండరులో దొరకని పనివాళ్లు

విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల ఖర్చు అనగానే పాలకమండలి ముందుకు వచ్చేది కొనుగోళ్ల జాబితా. ఇన్ని సర్వర్లు, ఇన్ని లైసెన్సులు, ఒక కొత్త వెబ్‌సైటు. రిబ్బను కత్తిరించి ఫొటో దిగడానికి పనికొచ్చేవి అవే మరి. వాటిని ఏళ్ల తరబడి నడిపించే మనుషుల జీతాలు ఆ కాగితంలో అట్టడుగున, చాలాచోట్ల కాంట్రాక్టు పద్దు కింద ఉంటాయి. ఈ వరస తిరగబడాలి. ఆన్‌లైన్ చదువు సాగేది, ఆగేది ఆ అట్టడుగు పద్దులో ఉన్నవాళ్ల వల్లే.

వేలాది విద్యాసంస్థలు ఆన్‌లైన్ తరగతులకు వాడుతున్న మూడుల్ ఎక్కడ పుట్టిందో చూడండి. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ డూగియామాస్ వెబ్‌సీటీ అనే కోర్సుల సాఫ్ట్‌వేర్ నిర్వహణ చూసేవాడు. దాని ఇబ్బందులు రోజూ ఎదురవుతుంటే విసిగి, తానే ఒకటి రాయడం మొదలుపెట్టాడు. 2002 ఆగస్టులో మూడుల్ 1.0 వెలువడింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. అధ్యాపకులు ఎక్కడ తికమకపడతారో, విద్యార్థి ఏ మెట్టు దగ్గర ఆగిపోతాడో నిర్వహణ చూసేవాడికి తెలిసినంతగా అమ్మేవాడికి తెలియదు.

వెబ్‌సీటీ కథ ఇంకోలా నడిచింది. అదీ కెనడాలో ఒక విశ్వవిద్యాలయంలోనే పుట్టింది, తర్వాత కంపెనీగా మారింది, 2006లో పోటీదారు అయిన బ్లాక్‌బోర్డ్ చేతికి పోయింది. కొన్నాళ్లకు ఆ సరుకే కనుమరుగైంది. దాని మీద ఆధారపడ్డ విశ్వవిద్యాలయాలు వేరే దారి వెతుక్కోక తప్పలేదు. ఇలాంటి మార్పిడిలో పాఠాల ఫైళ్లు తరలించడం పెద్ద పనేమీ కాదు. ప్రశ్నల నిధి, మార్కుల లెక్క, ఏ సెమిస్టరులో ఎవరికి ఏ కోర్సు అనే చరిత్ర, వీటిని చెదరకుండా మోయడమే కష్టం. ఆ గుట్టు తెలిసినవాళ్లు సొంత సిబ్బందిలో లేకపోతే, అమ్మకందారు చెప్పిన ధరే ధర.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయానికి జరిగింది ఇంకా సూటిగా మాట్లాడుతుంది. 2019 అక్టోబరులో అక్కడ ఎవరో ఒక మోసపు ఈమెయిల్‌లోని లింకు నొక్కారు. దొంగలు వెంటనే ఏమీ చేయలేదు. రెండు నెలలపాటు నెట్‌వర్కంతా తిరిగి, అప్‌డేట్లు వేయని సర్వర్లను పట్టుకుని, నిర్వాహకుల అధికారాలు సంపాదించారు. క్రిస్మస్ సెలవుల్లో అందరూ ఇళ్లకు వెళ్లే వేళ, డిసెంబరు 23న, 267 సర్వర్లకు తాళం పడింది. బ్యాకప్పుల్లో కొన్ని కూడా అదే నెట్‌వర్కులో ఉండడంతో అవీ పోయాయి. చివరికి 30 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి విలువలో సుమారు 2 లక్షల యూరోలు చెల్లించి తాళాలు తీయించుకున్నారు. మెచ్చుకోవలసిందేమిటంటే, ఆ విశ్వవిద్యాలయం దీన్ని దాచకుండా 2020 ఫిబ్రవరిలో దర్యాప్తు నివేదికను అందరి ముందూ పెట్టింది.

అంత డబ్బూ సిబ్బందీ ఉన్న చోటే ఇలా జరిగితే సిబ్బంది వల్ల ఒరిగిందేమిటని అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. అయితే అక్కడ కొరవడింది ఖరీదైన పరికరం కాదు. సర్వర్లకు వేళకు అప్‌డేట్ వేయడం, ఒక బ్యాకప్పును నెట్‌వర్కుకు అందకుండా విడిగా ఉంచడం లాంటి విసుగుపుట్టించే రోజువారీ పనులు జారిపోయాయి. మనుషులుంటే చాలదు, ఆ పనికి సమయమూ అధికారమూ ఉండాలి. ఫలితాల రోజున సర్వర్ ఆగితే మాత్రమే గుర్తొచ్చే ఉద్యోగికి ఆ రెండూ ఉండవు.

మన దగ్గర వినిపించే వాదన వేరు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల పథకం ఎన్‌పీటీఈఎల్ 2003 నుంచీ ఉంది, 2017 జులైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది, ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదువుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. పాఠం ఎక్కడో నడుస్తుంటే మనకు మనుషులెందుకు అంటారు. పాఠం అక్కడే నడుస్తుంది, నిజమే. ఏ కోర్సు ఏ పేపరుకు బదులవుతుంది, అక్కడి మార్కులు మన మెమోలోకి ఎప్పుడు ఎక్కుతాయి, పేరులో ఒక అక్షరం తేడా ఉన్న విద్యార్థిని ఎలా పోల్చుకోవాలి అన్నవి మాత్రం ఇక్కడి పరీక్షల విభాగం నెత్తినే పడతాయి. ఉస్మానియా, జేఎన్‌టీయూల వంటి అనుబంధ కళాశాలల వ్యవస్థలో ఇది పక్కపనిగా సాగేది కాదు. 1982లో హైదరాబాదులో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా పుస్తకాలు అచ్చేసి ఊరుకోలేదు, అధ్యయన కేంద్రాలను నడిపింది.

క్లౌడ్‌కు మారితే ఈ బెడద తీరుతుందన్నది మరో మాట. కరెంటు, ఏసీ, పాత యంత్రాల గొడవ తీరుతుంది. ఉద్యోగం మానేసినవాడి లాగిన్ తీసేసేది మాత్రం క్లౌడ్ కంపెనీ కాదు. మంచి నిపుణులు నిలవరు, హైదరాబాదు కంపెనీలకు వెళ్లిపోతారన్న అభ్యంతరం వీటన్నిటికంటే బలమైనది. ఆ జీతాలతో విశ్వవిద్యాలయం పోటీపడలేదు. కానీ శాశ్వత ఉద్యోగం, పదోన్నతి, నిర్ణయాల్లో ఒక కుర్చీ ఇవ్వగలదు. ఏడాదికొకసారి ఏజెన్సీ మారి, పాత మనిషితో పాటు పాస్‌వర్డులూ వెళ్లిపోయే పద్ధతిలో మిగిలే డబ్బు ఏపాటిదో ఏ ఆడిట్‌లోనూ కనబడదు. వచ్చే బడ్జెట్ సమావేశంలో కొత్త సర్వర్ల దస్త్రం మీద సంతకం పెట్టేముందు సభ్యులు ఒక్క సంగతి అడిగి చూడవచ్చు: మన బ్యాకప్పు నుంచి మార్కుల జాబితాను తిరిగి తెరిచి పరీక్షించింది ఎప్పుడు, ఎవరు?